పూజలో పాట ఎవరిది?



క్రీస్తుశకం 386. ఇటలీలోని మిలాన్ నగరం. సింహాసనం మీద ఉన్నది బాలచక్రవర్తి రెండవ వాలెంటీనియన్. మాట చెల్లేది మాత్రం ఆయన తల్లి జస్టీనాది. నగరంలోని ఒక దేవాలయాన్ని తాను అభిమానించే ఏరియన్ అనే క్రైస్తవ వర్గానికి అప్పగించమని ఆమె పట్టుబట్టింది. పీఠాధిపతి అంబ్రోసు ససేమిరా అన్నారు. సైనికులు వచ్చారు. జనం దేవాలయంలోనే ఉండిపోయారు. చావైనా బతుకైనా తమ పీఠాధిపతితోనే అని రాత్రిళ్లు జాగారం చేశారు. ఆ జనంలో మోనికమ్మ కూడా ఉంది. ఆమె కొడుకే తర్వాతి కాలంలో పునీత అగస్టీనుగా లోకానికి తెలిసినవారు. దిగులుతోనూ అలసటతోనూ జనం డీలాపడకూడదని, తూర్పు దేశాల క్రైస్తవుల పద్ధతిలో కీర్తనలూ గీతాలూ పాడించడం మిలాన్‌లో అప్పుడే మొదలైందని అగస్టీను తన ఆత్మకథలో రాశారు.

పాడించడానికి అంబ్రోసు స్వయంగా పాటలు కట్టారు. పాదానికి ఎనిమిది అక్షరాలు, చరణానికి నాలుగు పాదాలు, పాటకు ఎనిమిది చరణాలు. ఒకసారి వింటే లయ పట్టుబడుతుంది, రెండోసారికి నోటికి వస్తుంది. మన పాల్కురికి సోమనాథుడు పండితుల వృత్తాలను పక్కనబెట్టి బసవపురాణానికి ద్విపదను ఎంచుకోవడంలో ఏ ఆలోచన ఉందో, దాదాపు అదే ఆలోచన ఇక్కడా కనిపిస్తుంది. పాట పది గొంతుల్లోకి వెళ్లాలి, దేవాలయంలోనే ఉండిపోకుండా ఇంటికీ వీధికీ రావాలి.

ఈ సంఘటన చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది. కతోలిక దైవార్చనలో సంగీతం అనగానే చాలామందికి ఎత్తైన గోపురం, పెద్ద ఆర్గన్, తెల్లని అంగీలు తొడుక్కున్న గాయక బృందం కళ్ల ముందు మెదులుతాయి. అవన్నీ తర్వాత వచ్చినవి. ముందున్నది జనం గొంతు. కడరాత్రి భోజనం ముగిశాక యేసూ శిష్యులూ కీర్తన పాడి ఒలీవల కొండకు బయలుదేరారని మత్తయి, మార్కు సువార్తలు రెండూ చెబుతున్నాయి. క్రీస్తుశకం 112 ప్రాంతంలో నల్లసముద్రం దక్షిణ తీరాన ఉన్న రోమన్ అధికారి ప్లినీ, క్రైస్తవులను విచారించి చక్రవర్తి ట్రాజన్‌కు ఉత్తరం రాశాడు. వీళ్లు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కలుసుకుని, క్రీస్తును దేవుడిగా ఎంచి వంతులవారీగా పాట పాడుకుంటారు అన్నది అందులో ఆయన తెలియజేసిన విషయం. క్రైస్తవుడు కాని మనిషి కంటపడిన మొదటి ఆనవాళ్లలో పాట ఒకటన్నమాట.

పాటకున్న బలం ఎంతటిదో అగస్టీనుకు తెలుసు, అందుకే దానికి భయపడ్డారు కూడా. 387 పాస్కా జాగరణలో అంబ్రోసు చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందిన తర్వాత, దేవాలయంలో గీతాలు వింటూ కన్నీరు పెట్టుకున్నానని రాసిన మనిషే, కొన్నేళ్లకు మరో మాట రాశారు. పాటలోని అర్థం కంటే పాడే గొంతు మనసును ఎక్కువగా కదిలిస్తే అది తన తప్పేనని, అలాంటి వేళ పాట వినకపోయినా బాగుండేదనిపిస్తుందని ఒప్పుకున్నారు. అలెగ్జాండ్రియా పీఠాధిపతి అథనాసియుసు కీర్తనను రాగం ఎక్కువ తీయకుండా, దాదాపు చదివినట్టే పాడించేవారని కూడా గుర్తుచేసుకున్నారు. చివరికి ఆయన మొగ్గు పాట వైపే. బలహీనమైన మనసు చెవి ద్వారా భక్తిలోకి లేస్తుందని ఆయన నమ్మకం. మాటకు రాగం తోడా, రాగానికి మాట సాకా అన్న ఈ తర్జనభర్జన కతోలిక శ్రీసభలో ఆ తర్వాత పదహారు శతాబ్దాలు నడిచింది. ఇప్పటికీ ప్రతి విచారణలో (పారిష్‌లో), ప్రతి శనివారం సాయంత్రం పాటల అభ్యాసంలో నడుస్తూనే ఉంది.

గ్రెగోరియన్ గానం పేరు చాలామంది విన్నారు. 590 నుంచి 604 వరకు పోపుగా ఉన్న పునీత గ్రెగోరీ పేరు దానికి ఉన్నా, ఇప్పుడు తెలిసిన రూపం ఆయన తర్వాత చాలా కాలానికి, ఎనిమిదవ, తొమ్మిదవ శతాబ్దాల్లో, రోము బాణీలూ ఫ్రాంకుల దేశపు బాణీలూ కలిసి ఏర్పడిందని పరిశోధకుల నిర్ణయం. వాద్యం ఉండదు. తాళం కొట్టడానికి వీలుండదు. అందరిదీ ఒకే శ్రుతి, ఒకే వరుస. లాటిన్ మాట ఎక్కడ ఊపిరి తీసుకుంటే పాటా అక్కడే ఆగుతుంది.

ఇదంతా ఒకరి నోట విని మరొకరు నేర్చుకోవలసిందే. పదేళ్లు నేర్చినా అరకొర గాయకులే తయారయ్యేవారట. ఆ బాధ భరించలేక గీదో అనే సన్యాసి, ఇటలీలోని అరెట్సో పట్టణంలో, 1025 ప్రాంతంలో ఒక ఉపాయం చేశాడు. గీతలు గీసి వాటి మీదా మధ్యా స్వరాలను నిలబెట్టాడు. బాప్తిస్మ యోహాను పండుగ పాట ఒకదాన్ని తీసుకున్నాడు. అందులో ఒక్కో పాదం ముందు పాదం కంటే ఒక మెట్టు పైస్వరంతో మొదలవుతుంది. ఆ పాదాల మొదటి అక్షరాలనే స్వరాల పేర్లుగా నేర్పాడు: ఉత్, రే, మి, ఫా, సోల్, లా. ఏడాదిలో, మహా అయితే రెండేళ్లలో గాయకుణ్ణి తయారుచేస్తానని అన్నాడు. పోపు పంతొమ్మిదవ యోహాను ఆయన్ను రోముకు పిలిపించి ఆ గీతల పుస్తకం ముందు కూర్చుని, అంతకుముందు ఎన్నడూ వినని ఒక చరణాన్ని తానే పాడి చూసి ఆశ్చర్యపోయారు. ఈనాడు ఏ దేశంలో పిల్లలు పియానో నేర్చినా, సినిమా వాద్యబృందం నొటేషన్ చూసి వాయించినా, దాని మూలాలు మఠంలో పూజ పాట నేర్పడానికి పడిన ఈ అవస్థలోనే ఉన్నాయి.

రాత వచ్చాక కల్పన పెరిగింది. ఒక గొంతు మీద రెండో గొంతు, ఆపైన మూడు, నాలుగు, ఆరు గొంతులు, ఒక్కోటి ఒక్కో దారిలో నడిచే సంగీతం పారిస్ నోత్రదామ్‌లోనూ ఆ తర్వాత ఐరోపా అంతటా వికసించింది. అందం పెరిగింది కానీ మాట మునిగిపోయింది. ఒక గొంతు ఒక పదం పలుకుతుండగా రెండో గొంతు ఇంకో పదం మీద ఉంటే వినేవాడికి ఏం తెలుస్తుంది? పద్నాలుగో శతాబ్దంలోనే పోపు ఇరవై రెండవ యోహాను దీని మీద కోప్పడుతూ ఉత్తర్వు ఇచ్చారు. ట్రెంట్ మహాసభ 1562 సెప్టెంబరులో, పూజలో వినిపించే సంగీతంలో అశుద్ధమైనదేదీ కలవకూడదని శాసించింది. 1565లో కార్డినల్ విటెల్లి ఇంట్లో పోపుగారి గాయకులు కొన్ని పూజాగీతాలు పాడి, మాటలు తెలుస్తున్నాయా లేదా అని పరీక్ష పెట్టించుకున్నారు.

ఇక్కడే సంగీతకారుడు పాలెస్త్రీనా కథ వస్తుంది. సంగీతాన్ని పూజ నుంచి పూర్తిగా వెలివేయబోతుండగా ఆయన ఒక్క రచనతో దాన్ని కాపాడాడని చెప్పుకుంటారు. ఆ రచన పోపు రెండవ మార్సెల్లుస్ పేరు మీద ఉన్న ఆరు గొంతుల పూజాసంగీతం, 1567లో అచ్చయింది. ఆ పోపు 1555లో మూడు వారాలు మాత్రమే పీఠం మీద ఉన్నారు. కాపాడిన కథకు చారిత్రక ఆధారం లేదు. దానికి ప్రచారం తెచ్చింది తర్వాతి రచయితలు, చివరికి ఒక జర్మన్ ఒపేరా కూడా. కథ నిజం కాకపోయినా పాట నిజం. మహిమ గీతం, విశ్వాస సంగ్రహం లాంటి పొడవైన భాగాల్లో గొంతులన్నీ చాలావరకు ఒకే మాటను ఒకేసారి పలుకుతాయి. ఆరు గొంతులున్నా అక్షరం చెవిన పడుతుంది. అగస్టీను మథనపడిన సమస్యకు ఒక సంగీతకారుడు ఇచ్చిన గొప్ప జవాబు అది.

ఆ జవాబులో ఒక లోటు మిగిలింది. మాట వినబడింది, కానీ పలికేది జనం కాదు. మిలాన్‌లో రాత్రంతా పాడిన జనం, ఇప్పుడు కింద మోకరించి జపమాల చెప్పుకుంటున్నారు. పాట పైమేడ మీది నిపుణులది అయిపోయింది. పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాలు వచ్చేసరికి ఇటలీలో చాలాచోట్ల దేవాలయ సంగీతానికీ ఒపేరాకూ తేడా తెలియకుండా పోయింది. ఇంకా ఘోరం మరొకటి జరిగింది. స్త్రీలు గాయక బృందంలో ఉండకూడదు, పైస్థాయి గొంతు మాత్రం కావాలి. ఆ అవసరం కోసం మగపిల్లలకు చిన్ననాడే శస్త్రచికిత్స చేసి గొంతు మారకుండా ఆపేవారు. సిస్టీన్ ప్రార్థనాలయపు బృందంలో అలాంటి చివరి గాయకుడు అలెస్సాండ్రో మొరెస్కి. ఆయన గొంతు 1902లో, 1904లో గ్రామఫోన్ రికార్డులకెక్కింది, ఇప్పటికీ వినవచ్చు. 1922లో ఆయన మరణించాడు. దైవారాధన పేరు మీద జరిగిన ఈ క్రూరత్వాన్ని సంగీత చరిత్రలో ఒక వింతగా చెప్పి దాటేయడం సరికాదు. పాట ఎవరిది అన్న ప్రశ్నకు తప్పు జవాబు ఇస్తే మనుషుల బతుకులు ఎక్కడిదాకా పోతాయో అది చూపిస్తుంది.

1903 ఆగస్టులో పదవ పయస్ పోపు అయ్యారు. పల్లెటూరి పోస్టుమన్ కొడుకు. యువ గురువుగా ఉన్నప్పుడే ఊళ్లో పాట నేర్పిన మనిషి. పీఠమెక్కిన నాలుగు నెలలైనా నిండకముందే, నవంబరు 22న, గాయకులు తమ పాలక పునీతురాలిగా తలచే సెసీలియమ్మ పండుగ రోజున, దేవాలయ సంగీతం మీద ఒక ఆదేశం జారీ చేశారు. గ్రెగోరియన్ గానాన్ని జనానికి తిరిగి ఇవ్వాలన్నారు. అర్చనలో ప్రజలు చురుగ్గా పాల్గొనడం అన్న భావన పోపు రాసిన పత్రంలో అంత స్పష్టంగా కనిపించడం అదే మొదలు. అదే పత్రంలో పియానో వద్దు, డప్పులూ తాళాలూ వద్దు, స్త్రీలు గాయక బృందంలో వద్దు అని కూడా ఉంది. మొదటి మాట శ్రీసభను ముందుకు నడిపింది. స్త్రీలను తోసిపుచ్చిన మాటను శ్రీసభే దిద్దుకుంది: 1955లో కొన్ని షరతులతో, 1967లో స్పష్టంగా వారికి చోటు దొరికింది. ఈనాడు తెలుగునాట ఏ విచారణకైనా వెళ్లి కన్యస్త్రీలనూ, అమ్మాయిలనూ, తల్లులనూ పాటల వరుస నుంచి తీసేస్తే బృందంలో ఎందరు మిగులుతారో చూడండి.

1963 డిసెంబరు 4. రెండవ వాటికన్ మహాసభ దైవార్చన మీద తన తొలి శాసనాన్ని 2147 ఓట్లతో ఆమోదించింది, వ్యతిరేకించినవారు నలుగురే. అందులో ఆరో అధ్యాయం మొత్తం సంగీతానిదే. శ్రీసభ కళాసంపదలో సంగీతానికి మిగతా కళలన్నింటికంటే పెద్ద చోటు ఇచ్చింది, అదీ మాటను అంటిపెట్టుకుని అర్చనలో భాగమైపోతుంది గనక. గ్రెగోరియన్ గానానికి మొదటి పీట వేసింది. ఆర్గన్‌ను గౌరవించింది. గాయక బృందాలను పెంచిపోషించమంది. వాటన్నిటితో పాటు, ఏ జాతికి సొంత సంగీత సంప్రదాయం ఉంటే దానికి ఆరాధనలో తగిన స్థానం ఇవ్వాలని చెప్పింది.

ఆఫ్రికాలో ఈ పని అప్పటికే మొదలైంది. కాంగోలోని కమీనాలో గీదో హాజెన్ అనే బెల్జియం గురువు స్థానిక బాలురతోనూ ఉపాధ్యాయులతోనూ కలిసి 1958లో ‘మిస్సా లుబా’ను తీర్చిదిద్దారు. మాటలు లాటిన్‌వే. వరుసలు, డప్పుల నడక, ఒకరు అందిస్తే పదిమంది అందుకునే తీరు అంతా అక్కడిది. చాలా భాగం కాగితం మీద రాసి పాడింది కాదు, పాడుతూ కూర్చింది. అది విన్నవారికి పదవ పయస్ వద్దన్న డప్పు ఎందుకు కూడదో అర్థం కాదు.

తెలుగు నేలమీద సంగతి కొంచెం వేరు. మహాసభకు ముందు గుంటూరు సీమలోనైనా హైదరాబాదులోనైనా దివ్యబలిపూజ లాటిన్‌లోనే జరిగేది. తెలుగు పాట ప్రదక్షిణల్లో, జపమాల వేళ, పండుగ రాత్రుల్లో, ఉపదేశి ఇంటి అరుగు మీద బతికింది. అరవయ్యో దశకంలో పూజ తెలుగులోకి రావడంతో ఆ పాట గుమ్మం దాటి పీఠం దగ్గరికి చేరింది. అప్పటికి ప్రొటెస్టెంట్ సంఘాల్లో వందేళ్లకు పైబడిన కీర్తన సంప్రదాయం ఉంది. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి లాంటివారు రాగతాళాలతో పల్లవి, అనుపల్లవి, చరణాలుగా కట్టిన పాటలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనల’లో ఉన్నాయి. వాటిలో కొన్ని కతోలిక గొంతుల్లోకీ వచ్చాయి. ఏటా ఫిబ్రవరి 11న ముగిసే గుణదల మరియమాత ఉత్సవాల్లో కొండ ఎక్కే జనం నోట పాట దానంతటదే లేస్తుంది. అక్కడ బృందనాయకుడు ఉండడు, మైకు అక్కర్లేదు. పాడగల జనం మనకు లేరని ఎవరూ అనలేరు.

మరి అదే జనం ఆదివారం పూజలో ఎందుకు నోరు విప్పరు?

దీనికి జవాబు 1967 మార్చి 5న రోము నుంచి వెలువడిన సంగీత నిర్దేశపత్రంలో దొరుకుతుంది. పూజలో పాడదగినవాటిని అది మూడు మెట్లుగా విడదీసింది. మొదటి మెట్టులో ఉన్నవి గురువుకూ జనానికీ మధ్య నడిచే సంభాషణలు, పీఠం దగ్గర అందరూ కలిసి పలికే పరిశుద్ధ గీతం, పరలోక జపం. రెండో మెట్టులో దయ చూపమని వేడుకునే పాట, మహిమ గీతం, విశ్వాస సంగ్రహం, సర్వేశ్వరుని గొర్రెపిల్ల పాట. మూడో మెట్టులో ప్రవేశ గీతం, సమర్పణ గీతం, దివ్యసత్ప్రసాద గీతం లాంటివి. మొదటి మెట్టు ఒక్కటే ఉన్నా సరిపోతుంది. మొదటిది లేకుండా రెండూ మూడూ ఉండకూడదని నియమం. పాటలన్నీ బృందమే పాడేసి జనాన్ని పూర్తిగా పక్కన పెట్టే అలవాటును ఆ పత్రం సూటిగా తప్పుపట్టింది.

ఇప్పుడు మన అలవాటు చూద్దాం. వారమంతా సాధన దేనిమీద? ప్రవేశ గీతం మీద, సమర్పణ గీతం మీద, సత్ప్రసాదం వేళ ఒక్క గొంతు పాడే పాట మీద. అంటే మూడో మెట్టు మీద. గురువు పాడిన మాటకు జవాబు పాడటం, పరలోక జపాన్ని వరుసతో పాడటం నేర్పేవారు అరుదు. ఇల్లు కట్టేటప్పుడు పునాది మానేసి మేడమీద రంగులు వేసినట్టుంది. కొత్త పాట మీద మోజు తప్పు కాదు. ప్రతి వారం కొత్త పాట అయితే మాత్రం జనం నేర్చుకునేది ఎప్పుడు? పైగా క్యాసెట్టులోనో యూట్యూబులోనో శిక్షణ పొందిన గాయని పాడిన శ్రుతినే దేవాలయంలోనూ పెడుతున్నారు. అరవయ్యేళ్ల రైతుకూ, పదేళ్ల పిల్లాడికీ ఆ పైషడ్జం అందదు. కీబోర్డు మీద రెండు మెట్లు దించితే సగం సభ పాటలోకి వస్తుంది.

రికార్డు చేసిన ట్రాకు పెట్టి పాడే అలవాటూ పెరుగుతోంది. 1958 నాటి రోము ఆదేశం అర్చనలో గ్రామఫోను, టేపు లాంటి యంత్రాల వాడకాన్ని ఖచ్చితంగా నిషేధించింది. కారణం అర్థం కానిదేమీ కాదు. గురువు ఆలస్యంగా నడిస్తే ట్రాకు ఆగదు, ముసలమ్మ ఊపిరి కోసం ఆగదు. తబలా వాయించే కుర్రాడు ఆగుతాడు.

సంగీతానికి మౌనం ఎప్పుడు అవసరమో కూడా కతోలిక ఆచారం నేర్పుతుంది. పాస్కాకు ముందటి తపస్కాలంలో అల్లెలూయ వినబడదు. మహిమ గీతం కొన్ని మహోత్సవాలకూ పండుగలకూ తప్ప ఉండదు. వాద్యం గొంతుకు ఆసరాగా మాత్రమే మోగాలి, నాలుగో ఆదివారంలాంటి ఒకటి రెండు సందర్భాలు మినహాయింపు. పవిత్ర గురువారం మహిమ గీతంతో గంటలు మోగి ఆగిపోతాయి. పాస్కా జాగరణలో మళ్లీ మహిమ గీతం అందుకునేదాకా మోగవు. ఆ కొద్దిపాటి ఉపవాసం పాటించిన విచారణలో పాస్కా రాత్రి అల్లెలూయ ఎంత ఎత్తుకు లేస్తుందో అక్కడున్నవారిని అడగండి. తపస్కాలమంతా డ్రమ్ముల మోతతో గడిపినచోట ఆ రాత్రికి కొత్తగా ఇవ్వడానికి ఏమీ మిగలదు.

వాక్యపఠనాల మధ్య వచ్చే ప్రతిస్పందన కీర్తన గురించి ఒక మాట. అది దావీదు కీర్తనల నుంచి ఆ రోజుకు ఏర్పరచిన దేవుని వాక్యం. దాని బదులు బైబిలులో లేని పాట పెట్టడానికి పూజా నియమాలు ఒప్పుకోవు. ఒకరు చరణం పాడితే సభ పల్లవి అందుకునే పద్ధతి అది. భజనలూ బుర్రకథలూ విన్న తెలుగువాళ్లకు ఇంతకంటే తేలికైన పద్ధతి ఏముంటుంది? అయినా చాలాచోట్ల దాన్ని చదివేస్తున్నారు, లేదా ఇష్టమైన మరో పాటతో నింపేస్తున్నారు. తెలుగు భక్తిగానానికి అచ్చంగా సరిపోయే చోటును ఖాళీగా వదిలేసినట్టవుతోంది.

ఇంతకీ గాయక బృందం అక్కర్లేదని కాదు. పూజా నియమావళి ప్రకారం బృందం విశ్వాసుల సభలో ఒక భాగం; దానికి అర్చనలో సొంత సేవ ఉంది. వారు కూర్చునే చోటు కూడా వారు సభలోనివారే అని తెలిసేలా ఉండాలంటుంది. జనానికి రాని క్లిష్టమైన పాటను బృందం పాడి వినిపించే ఘడియలు పూజలో ఉంటాయి, ఉండాలి. పాలెస్త్రీనాను పాడగలిగిన బృందం పాడాలి. త్యాగరాజు బాటలో కట్టిన క్రైస్తవ కీర్తనను చక్కగా పాడగలిగిన బృందమూ పాడాలి. కాకపోతే సభను పాడించడం బృందానికి మొదటి పని.

బృంద నాయకులకు ఒక విన్నపం. ఈ శనివారం సాధనలో కొత్త పాట తీసేముందు పరలోక జపాన్నీ పరిశుద్ధ గీతాన్నీ, గురువు మాటలకు సభ ఇచ్చే జవాబులనూ పాడి చూడండి. శ్రుతి రెండు మెట్లు దించండి. పూజకు ఐదు నిమిషాల ముందు జనం వైపు తిరిగి ఆ రోజు పల్లవిని రెండుసార్లు నేర్పండి. గురువులకు ఇంకో విన్నపం: మీ వంతు మాటను మీరు పాడితేనే సభ జవాబు పాడుతుంది, రాగజ్ఞానం లేకపోయినా ఫరవాలేదు. శ్రోతల్లో ఉన్న విశ్వాసులు, గొంతు బాగుండదని వెనక బల్లల్లో ఊరుకున్నవారు, వచ్చే ఆదివారం పల్లవి అందుకోండి.